లౌక్యమునకు వెల

మన భాషలో లౌక్యమను మాట యొకటి కలదు. దానికి నిర్వచనము చెప్పుట కష్టము. కాని దాని నెఱుగని గృహస్థుడు లేడు. విందున కూర్చున్న యతిథి "చాలు, చాలు" అనినప్పుడు ఇంకొక గరిటె వడ్డింపవలెనని తెలిసికొనుట లౌక్యము. "ఒకమారు మా యింటికి రండి" యని వీధిలో పలికిన పరిచితుని యింటికి మఱునాడే పోయి తలుపు తట్టకుండుట లౌక్యము. "చూతము లెండి" యనిన యధికారి లేదనుచున్నాడని గ్రహించుట లౌక్యము. నోటితో నన్నదానిని విడిచి, కంటితోను, కంఠస్వరముతోను, ఊరకుండుటతోను అన్నదానిని పట్టుకొనుట యీ విద్యయొక్క రహస్యము. దీనిని మనకెవ్వరును బడిలో నేర్పలేదు. తల్లి యొడిలో మాటలు నేర్చునప్పుడే మాటల వెనుక నున్నదానిని గూడ నేర్చుకొంటిమి. కావుననే దీనిని సహజమనుకొందుము. సహజమనుకొన్నదానికి వెల యున్నదని మనకు తోచదు.

ఈ విద్య పుట్టుకతో నబ్బనివారు మనలో ననేకులు గలరు. వైద్యులు ఆటిజమని పేర్కొను మనస్స్వభావము గలవారిని గుఱించి నేను చెప్పుచున్నాను. ప్రపంచారోగ్యసంస్థ వేసిన లెక్కప్రకారము 2021వ సంవత్సరమున సుమారు ప్రతి 127 మందిలో నొకరు ఇట్టివారు. ఇది తగిలి పోవు జబ్బు గాదు. మెదడు పెరుగుదలలోనే యుండు భేదము. జన్మతో వచ్చి జన్మాంతమువఱకు నుండునది. అయినను దీనిని గుఱించి మనము మాటలాడునప్పుడెల్ల పసిపిల్లలనే తలంతుము. పిల్లవానికి మాట వచ్చునా, బడిలో చేర్చుకొందురా, యెప్పటికి కుదురుకొనును అనునవియే మన ప్రశ్నలు. పిల్లలు పెరుగుదురు. పెరిగి యువకులగుదురు, ఉద్యోగములు వెదకుకొందురు, కొందఱు సంసారు లగుదురు, ముసలివారగుదురు. పదునెనిమిదవ యేడు నిండిన దినమున ఆటిజము వారిని విడిచి పోదు. విడిచి పోవునది మన శ్రద్ధయే. ఈ పెద్దవారి మనస్సునకు కలుగు బాధ యెట్టిది, ఇంటను ఆఫీసులోను వారికి మనము చేయవలసిన దేమి యనునది యీ వ్యాసమున విచారింపదలచిన విషయము. ఆ విచారమున కంతటికిని మూలమైన ప్రశ్న యొక్కటే: ఇద్దఱు మనుష్యులు ఒకరి నొకరు తెలిసికొనుటకు అగు వ్యయము నంతయు ఒక్కనిచేతనే కట్టించుట న్యాయమా?

ముందుగా పేరును గుఱించి యొకమాట. స్విట్జర్లాండు వైద్యుడగు బ్లాయిలరు 1911వ సంవత్సరపు తన గ్రంథమున ఈ పదమును వేఱొక మనోవ్యాధి లక్షణమునకు వాడెను. గ్రీకుభాషలో 'తాను' అను నర్థమిచ్చు మాటనుండి యది పుట్టినది. 1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరులో పని చేయుచుండిన లియో కానరు అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల స్వభావమును వర్ణించుచు ఆ పేరునే వారికి పెట్టెను. మనవారిలో కొందఱు దానిని స్వలీనత యని సంస్కృతీకరించిరి. తనలో తాను లీనమైనవాడు, పరుల నెఱుగనివాడు అని దాని భావము. పేరులోనే తీర్పు చేరిపోయినది. నలుగురిలో నొకడు మాటాడక యుండినచో, అతనికి మనము అక్కఱలేదని మన మనుకొంటిమే గాని, మన మాట అతనికి అందుచున్నదా యని యడుగలేదు.

ఇట్టివారి మనస్సు పోకడ నెఱుగుటకు నాలుగు మాటలు చాలును. మాటను మాటగానే తీసికొందురు. ఎత్తిపొడుపు, వ్యంగ్యము, ముఖప్రీతి వారికి కొన్నియెడల ఆలస్యముగా తెలియును, కొన్నియెడల తెలియనే తెలియవు. ఇంద్రియములు మనకంటె మిక్కిలి సూక్ష్మముగానో మిక్కిలి మందముగానో యుండును. మనము విననే వినని పంకా రొద వారి చెవిని రంపమువలె కోయును, మనకు వెలుతురైనది వారికి కంటిపోటగును. క్రమము తప్పిన దినము వారిని కలవరపెట్టును. మనస్సు నొకదానిపై నిలిపినచో అందులోనే మునుగుదురు. ఉన్నట్టుండి వేఱొకదానికి త్రిప్పుమన్నచో బాధపడుదురు. ఇవి యందఱియందును ఒకే తీరున నుండవు. ఒకరు నోట మాటలేక వ్రాసి తెలుపుదురు; మఱియొకరు సభలలో నుపన్యసింతురు. ఒకరికి స్నానభోజనములకును తోడు కావలెను. మఱియొకరు సంసారమే నడుపుచుందురు, వారికి ఆటిజము గలదని యిరుగుపొరుగువారి మాట యటుండగా కట్టుకొన్నవారికే తెలియదు.

ఇక్కడ ఒక భేదమును చక్కగా గుర్తుంచుకొనవలెను. ఆటిజము మనోవ్యాధి కాదు. అది గలవారు ఆరోగ్యముతో సంతోషముతో నుండవచ్చును. కాని వారిలో దిగులు, ఆందోళన మొదలగు మనోవ్యాధులు ఇతరులకంటె చాల హెచ్చుగా కనబడుచున్నవి. 2014వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశీలన గలదు. ఇంగ్లండులోని యొక వైద్యశాలకు పెద్దవయస్సున వచ్చి, తమ స్వభావమునకు పేరు తెలిసికొనిన 374 మందిని విచారింపగా, నూటికి 66 మంది యెప్పుడో యొకప్పుడు ప్రాణము తీసికొనవలెనని తలచినట్లు చెప్పిరి. వీరు వైద్యమునకై వచ్చినవారు గనుక ఈ లెక్కను ఆటిజముగల వారందఱికిని అంటగట్టరాదు. అట్లని దీనిని త్రోసివేయుటయు తగదు. నూర్గురిలో నఱువది యాఱుగురు బ్రదుకు వలదనుకొనుటకు వారి పుట్టుకయే కారణమా? లేక వారు బ్రదుకవలసి వచ్చిన తీరు కారణమా?

ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకినది. 2018వ సంవత్సరమున ఇంగ్లండు పరిశోధకులే వెలువరించిన మఱియొక విచారణలో, ఆటిజముగల పెద్దవారియందు ప్రాణత్యాగపు తలంపుతో ప్రత్యేకముగా ముడిపడిన విషయములలో రెండు ఇవి: కావలసిన సాయము దొరకకపోవుట యొకటి, తమ స్వభావమును దాచుకొని యితరులవలె నటించుట రెండవది. మన దేశమున పగటివేషగాండ్రను చూచినవారికి ఈ రెండవ విషయము తేలికగా బోధపడును. పగటివేషగాడు వేషము కట్టి యూరంతయు తిరిగి, సాయంకాలమునకు రంగు కడిగికొని తన మనిషి తానగును. అతని వేషమునకు మెచ్చి జనులు కానుక లిత్తురు. వీరి వేషము అట్టిది కాదు. అది వేషమని యెవ్వరికిని తెలియరాదు. తెలిసినదా, వేషము చెడినట్లే. ఎదుటివాని కన్నులలోనికి ఎన్ని క్షణములు చూడవలెనో లెక్క పెట్టుకొందురు. ఎప్పుడు నవ్వవలెనో పక్కవాని ముఖము చూచి నేర్చుకొందురు. చేతులు కదలకుండ బల్లక్రింద బిగించి పట్టుకొందురు. రేపటి సంభాషణను నేటి రాత్రి మనసులో పది మారులు వల్లె వేసికొందురు. ఆఫీసు పని యంతయు దీనికి తోడు. ఇంటికి వచ్చునప్పటికి మాటాడుటకు శక్తి యుండదు. ఇట్లు ఏండ్లు గడిచిన పిమ్మట నొకనాడు శక్తులన్నియు నుడిగి, మునుపు చేయగలిగిన పనులును చేయలేక కూలబడుదురు. ఈ స్థితిని గుఱించి వారే చెప్పుకొనుచుండిన దానిని 2020వ సంవత్సరమున పరిశోధకులు శాస్త్రరీతిగా వర్ణించిరి. ఇది సోమరితనము కాదు. వడ్డీతోసహా వచ్చిపడిన అప్పు.

ఇట్టి దుఃఖమున నున్నవారికి మనము సాధారణముగా చేయు సాయ మేమి? "నలుగురితో కలియుము, కన్నులలోనికి చూచి మాటాడుము, కలుపుగోలుతనము నేర్చుకొనుము" అని బోధింతుము. నోరు మంచిదైతే ఊరు మంచిదను సామెతను వినిపింతుము. అనగా, ఏ వేషము కట్టి యలసిపోయి మనయొద్దకు వచ్చిరో ఆ వేషమునే ఇంకను బాగుగా కట్టుకొమ్మని పంపుచున్నాము. అప్పుల పాలైనవానికి ఇంకొక అప్పు పుట్టించుట సాయమగునా? తనకు కావలెనని కోరి యొకడు మర్యాదలను నేర్చుకొనినచో మంచిదే. ఎఱుగని యూరి దారులు తెలిసికొనుట యెవ్వరికైనను మేలు. కాని నేర్చుకొనుటకును దాచుకొనుటకును చాల దూరము కలదు. మొదటిది మనిషికి నొక పనిముట్టు నిచ్చును. రెండవది "నీవు నీవుగా ఇక్కడ నుండరాదు" అని చెప్పును.

వారికి మనము తెలియము గనుక వారే నేర్చుకొనవలెనని కొంద ఱందురు. ఈ మాటలో సగమే సత్యము. మనకు వారు తెలియుదురా? డేమియన్ మిల్టన్ అను ఆంగ్ల పండితుడు, తానును ఆటిజముగలవాడే, 2012వ సంవత్సరమున ఈ ప్రశ్ననే వేసెను. అవగాహనలోపము ఒక పక్షమున మాత్రమే యుండునది కాదు, అది యిరుపక్షముల నడుమ నుండునది యని యాతడు వాదించెను. పిమ్మట కొందఱు పరీక్షించి చూచిరి. 2020వ సంవత్సరమున స్కాట్లండు పరిశోధకులు ఒక కథను వరుసగా నొకరి చెవినుండి యొకరికి చెప్పించి చూడగా, ఆటిజముగలవారు తమలో తాము చెప్పుకొనునప్పుడు కథ చెడలేదు. ఇతరులు తమలో చెప్పుకొనునంత చక్కగానే సాగినది. ఇరువురిని కలిపిన వరుసలలోనే తఱుగుదల కనబడెను. ఇంతకంటె పెద్దదిగా 2025వ సంవత్సరమున చేసిన పరీక్షలో కలిపిన వరుసలలోను తఱుగుదల కనబడలేదు. మొత్తముమీద, వారు మాట నందించుకొనలేనివారను భావమును ఈ రెండు పరీక్షలును బలపఱచుట లేదు.

ఇంతకంటె సిగ్గుపడదగిన పరీక్ష యొకటి 2017వ సంవత్సరమున ప్రకటింపబడెను. ఆటిజముగలవారు మాటాడుచుండగా తీసిన కొలది క్షణముల చిత్రములను కొందఱికి చూపి, వీరితో స్నేహము చేయుదురా యని యడిగిరి. చూచినవారు క్షణములలోనే అంతగా నిష్టపడలేదు. కాని యదే మాటలను కాగితముమీద వ్రాసి చదువనిచ్చినప్పుడు ఆ యనిష్టము మాయమైనది. మాట యదే, మనిషి యతడే. మాటలోని సారము మనకు నచ్చినది. నచ్చనిది గొంతు తీరు, ముఖము పెట్టిన తీరు. మనుష్యుని గుణమును ముఖముమీద చదువగలమని గర్వించు మన లౌక్యము ఇక్కడ పరీక్షకు నిలువలేదు. ఉద్యోగమునకై వచ్చినవానిని పావుగంట యెదుట కూర్చుండబెట్టి తీర్పు చెప్పు పద్ధతి యెంతటి పొరపాటులకు తావగునో దీనివలన నూహింపవచ్చును. ఇంగ్లండులో రాబర్టు బక్లండు అను రాజకీయనాయకుని యాధ్వర్యమున 2024వ సంవత్సరమున వెలువడిన నివేదిక, పనిచేయు వయస్సున నున్న ఆటిజముగలవారిలో సుమారు పదింట మూడువంతుల మందికే పని దొరకుచున్నదని చెప్పినది.

ఇందుకు భిన్నముగా నొక జీవితమును చూతము. కానరు వర్ణించిన పదునొకండుగురు పిల్లలలో మొదటివాడు డొనాల్డు ట్రిప్లెటు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్టు అను చిన్న యూరిలో 1933వ సంవత్సరమున జన్మించెను. వైద్యుల సలహాపై తల్లిదండ్రులు అతనిని నాలుగేండ్లయినను నిండకముందే యొక శరణాలయమున నుంచిరి. దాదాపు ఏడాది గడిచిన పిమ్మట వారి మనసొప్పక తిరిగి యింటికి తెచ్చుకొనిరి. ఆ బాలుడు పెరిగి కళాశాలలో చదివి, 1958వ సంవత్సరమున స్వగ్రామముననున్న బ్యాంకులో చేరెను. అఱువదియైదేండ్లు అచ్చటనే పనిచేసెను. ఇరువదియేడవ యేట కారు నడుపుట నేర్చుకొనెను. తానొక్కడే దేశదేశములు తిరిగి వచ్చెను. పరిచితులకు తన యిష్టమువచ్చిన అంకెలను పేర్లుగా పెట్టెడివాడు. ఊరివారు దానిని వింతగా గాక వేడుకగా తీసికొనిరి. అతని వృత్తాంతము వ్రాయుటకై వచ్చిన పత్రికారచయితలను, ఇతనికి కష్టము కలిగించినచో తాము సహింపమని ఊరివారు హెచ్చరించిరట. అతడు 2023వ సంవత్సరమున ఎనుబదితొమ్మిదవ యేట కాలధర్మము నొందెను. అతడు వేషము కట్టి యా యూరిలో చోటు సంపాదింపలేదు. అతడున్నట్లుగానే యుండగా ఊరు తన తీరును కొంచెము సవరించుకొనినది.

అయితే ఈ కథను చెప్పి సంతోషించి యూరకుండుట కూడదు. ఆ బ్యాంకు డొనాల్డు మాతామహుని వంశమువారిది. అతని తల్లిదండ్రులు చదువుకొన్నవారు, కలిగినవారు, ఆ కాలపు మిసిసిపీలో తెల్లవారు. అదే రాష్ట్రమున అదే స్వభావముతో ఒక నల్లజాతి కూలివాని యింట పుట్టిన బాలునికి ఆ బ్యాంకు బల్ల దొరకి యుండునా? భాగ్యవంతునికి లభించిన సాయము గొప్పదే కాని, అది భాగ్యముచేత లభించినది. ఒక్కనికి భాగ్యము చేసినదానిని అందఱికిని హక్కుగా చేయుటయే సంస్కారమను మాటకు నర్థము.

మన దేశమున ఆ హక్కు కాగితముమీద నున్నది. 1995వ సంవత్సరపు వికలాంగుల చట్టమున ఆటిజము పేరే లేదు. 1999వ సంవత్సరపు జాతీయ ట్రస్టు చట్టము దానిని మొదట పేర్కొనెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములలో దానిని చేర్చినది. ఆ చట్టమున సహేతుకమైన సర్దుబాటు అను మాట కలదు. అనగా, సంస్థకు మోయరాని భారము కానంతవఱకు, వైకల్యముగలవాడు ఇతరులతో సమానముగా తన హక్కు ననుభవించుటకు వలసిన మార్పులు చేయుట. అట్టి సర్దుబాటును నిరాకరించుట వివక్షయే యని యా చట్టమే చెప్పుచున్నది. ప్రైవేటు సంస్థలును సమానావకాశములను గుఱించిన తమ విధానమును ప్రకటింపవలెను. సర్కారు కొలువులలో నూటికి నాలుగు వికలాంగులకు కేటాయించిరి. అందులో నొకటి, ఆటిజము, బుద్ధిమాంద్యము, మనోవ్యాధి మొదలగువానికి కలిపి యున్నది. సర్దుబాటు ఒక్కొక్కరి యవసరమును బట్టి చేయవలసినదని అత్యున్నత న్యాయస్థానము 2021వ సంవత్సరము ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఆ యేటి డిసెంబరులో రవీందర్ కుమార్ ధారీవాల్ వ్యాజ్యమున, మానసిక వైకల్యముగల యుద్యోగిపై దానివలన కలిగిన ప్రవర్తనకై క్రమశిక్షణ చర్య తీసికొనుట పరోక్షమైన వివక్ష యని నిర్ణయించినది. ఈ రెండు వ్యాజ్యములును ఆటిజమును గుఱించినవి కావు. కాని వానిలోని న్యాయము ఆటిజమునకును చెందును.

చట్టమున్నది. దానిని ఆఫీసు గదిలోనికి తెచ్చు టెట్లు? మెట్లున్నచోట వాలుబాట కట్టుమన్న నందఱికిని తెలియును. మాటలోని మెట్లు కంటికి కనబడవు. "వీలు చూచుకొని ఈ కాగితములు చూడుడు" అని చెప్పి, సాయంకాలమునకు "ఇంకను చూడలేదా?" యని కోపగించుట యొక మెట్టు. "సాయంకాలము ఐదు గంటలలోపల ఈ మూడు కాగితములు కావలెను" అని వ్రాసి యిచ్చుట వాలుబాట. "సందేహములున్న అడుగుడు" అని చెప్పి, అడిగినవానిని "ఇన్ని ప్రశ్నలా?" యని నవ్వుట మెట్టు, అడిగినదానికి చెప్పుట వాలుబాట. ముందు తెలుపక బల్ల మార్చుట, పనివేళ మార్చుట మెట్లు; రెండుదినములు ముందుగా తెలుపుట వాలుబాట. రొదకు దూరముగా నొక మూల బల్ల, చెవులకు పెట్టుకొను సాధనము, కంటికి తగని దీపము నార్పుకొనుటకు సెలవు, సభకు ముందు చర్చావిషయముల పట్టిక, ఉద్యోగపరీక్షలో నోటి ప్రశ్నలకు బదులు చేసి చూపుమని పని నిచ్చుట, పండుగనాటి విందుకు రాకున్నను గర్వియని పేరు పెట్టకుండుట - వీనిలో దేనికి సంస్థ బొక్కసము తరుగును? చాలవఱకు తరుగునది అధికారియొక్క యలవాటు మాత్రమే.

ఆక్షేపణలు లేకపోలేదు. "ఒక్కనికి ఇచ్చినచో అందఱును అడుగుదురు" అందురు. అడుగనిండు. స్పష్టమైన యాజ్ఞ, ముందుగా తెలిపిన మార్పు, నిశ్శబ్దమైన మూల యందఱికిని మేలు చేయునవైనచో అందఱికిని ఇచ్చుటలో నష్టమేమి? "మేమును ఆఫీసులో మనసులోనిది దాచుకొనియే యుందుము, ఈ కష్టము అందఱిదియు గాదా?" అందురు. నిజమే. కాని మనము దాచునది నాటి కోపము, నాటి విసుగు. వారు దాచవలసినది కూర్చుండు తీరు, చూచు తీరు, వినికిడి, ఊరట పొందు విధము. మన కిది పైపంచె సవరించుకొనుట. వారికి చర్మము మార్చుకొనుట. "పని చెడదా?" యని మూడవ యాక్షేపణ. పనికి నిజముగా నవసరమైనది యేదో, అలవాటుచేత పనికి అంటిపెట్టుకొని యున్నది యేదో విడదీసి చూడుమని దీనికి సమాధానము. బ్యాంకులెక్క సరిపోవుట పని. లెక్క చూచునప్పుడు చిఱునవ్వు నవ్వుట అలవాటు.

ఇక వారి పక్షమున వాదించువారును ఒక తప్పుదారి త్రొక్కుదురు. వారివలన లాభము కలదు, తప్పులు పట్టుటలో దిట్టలు, లెక్కలలో ప్రజ్ఞావంతులు, కావున చేర్చుకొనుడని యందురు. డెన్మార్కులో 2004వ సంవత్సరమున ఆటిజముగల కుమారుడున్న యొక తండ్రి, అట్టివారికే పని కల్పించుటకు స్పెషలిస్టెర్నె అను సంస్థను పెట్టెను. జర్మను కంపెనీయగు ఎస్.ఏ.పి. బెంగుళూరులోని తన కార్యాలయమున చేర్చుకొని చూచి, 2013వ సంవత్సరమున అన్ని దేశములకును ఆ కార్యక్రమమును ప్రకటించెను. ఇవి మంచి ప్రయత్నములే. కాని ప్రజ్ఞను చూపి హక్కును అడుగుట అపాయకరము. సామాన్యమైన తెలివి గల ఆటిజముగలవాని గతి యేమి? ఏ పనియు చేయలేక యింటిపట్టుననుండు వారి గతి యేమి? మనలో సామాన్యులు సామాన్యులుగానే గౌరవముతో బ్రదుకుచున్నారు. వారిని మాత్రము అద్భుతము చూపి చోటు కొనుక్కొమ్మనుట మఱియొక వేషము కట్టుమనుటయే.

వైద్యమునందును ఇదే న్యాయము చెల్లును. దిగులుతో వచ్చినవానిని వైద్యుడు "మీ మనసు కెట్లున్నది?" యని యడుగును. ఆటిజముగలవారిలో సుమారు సగము మందికి తమ భావములకు పేరు పెట్టి చెప్పుట కష్టమని పరిశోధనలు తెలుపుచున్నవి. కడుపులో త్రిప్పుచున్నదని తెలియును. అది భయమని తెలియదు. జవాబు రాకపోవుట చూచి బాధ లేదనుకొనుట వైద్యుని పొరపాటు. ఇంగ్లండులో 2012వ సంవత్సరమున వెలువడిన వైద్యసూత్రములు, ఇట్టివారికి మాటలవైద్యము చేయునప్పుడు ఉపమానములను తగ్గించి సూటిగా మాటాడవలెననియు, వ్రాతను బొమ్మలను హెచ్చుగా వాడవలెననియు, నడుమ నడుమ విశ్రాంతి యియ్యవలెననియు, వారికి ప్రీతియైన విషయములను చికిత్సలో కలుపుకొనవలెననియు చెప్పినవి. మన దేశమున 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము సర్కారు ఖర్చుతో నడచు మానసిక వైద్యమును పొందు హక్కును ప్రతివారికిని ఇచ్చినది. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీనుండి టెలీ మానస్ అను పేర 14416 అను నంబరున ఫోనుమీద సలహా దొరకుచున్నది, తెలుగులోను మాటాడవచ్చును. ప్రాణముమీద విరక్తి కలిగినవారును, వారి యింటివారును ఈ నంబరును గుర్తుంచుకొనవలెను. ఆటిజముగలవారు ఫోనున మాటాడ జంకినచో, ఇంటివా రొకరు వారి యనుమతితో ప్రక్కన కూర్చుండి మాటాడుట సహాయమే.

చివరకు మన యిండ్లకు వత్తము. మొదటి సాయము ఇక్కడనే దొరకవలెను, మొదటి గాయము ఇక్కడనే తగులుచున్నది. "వానికి లోకజ్ఞానము లేదు", "అది మంకుది", "వీడు పొగరుబోతు" అను పేర్లు ఆఫీసులో పుట్టలేదు. మన వసారాలలో పుట్టినవి. పెండ్లి చేసిన కుదురుకొనునను మూఢవిశ్వాసమున, స్వభావమును దాచి యింకొకరి బిడ్డను తెచ్చి ముడివేయు కుటుంబములు నేటికిని గలవు. ఇందువలన ఇద్దఱి బ్రదుకును చెడును. ఉన్నది చెప్పి, ఇరువురును తెలిసి యిష్టపడి చేసికొను పెండ్లికి ఆటిజము అడ్డము కాదు. ఆడపిల్లల విషయము మఱింత కష్టము. అణకువగా నుండుమని చిన్ననాటనుండి నేర్పుదుము గనుక వారు దాచుకొనుటలో నారితేరుదురు. కావుననే వారి స్వభావము ముప్పదియవ యేటనో నలువదియవ యేటనోగాని యొకరికి తెలియదు, ఒకప్పుడు ఎన్నటికిని తెలియదు. ఆఫీసునుండి వచ్చిన కొడుకో కోడలో గది తలుపు వేసికొని గంటసేపు మౌనముగా నున్నచో దానిని అలుక యనుకొనవలదు. వేషము విప్పుకొనుటకు అది యొక్కటే తావు. అతిథులు వచ్చిరని అక్కడినుండి పిలుచుకొని రావలదు. తామున్నంతవఱకు సరే, తరువాత ఎవరని దిగులుపడు తల్లిదండ్రులు, బిడ్డకు తోబుట్టువులను గాక ఒక యూరినే బంధువుగా చేసి పోవలెను. ఒక్కొక్క పొరుగువానికి విషయము దాచకుండ చెప్పుట దానికి మొదటి మెట్టు.

లౌక్యమును విడిచిపెట్టుమని నేను చెప్పుటలేదు. పరులను నొప్పింపకుండ మాటాడు విద్య మంచి విద్యయే. కాని యా విద్య దేనికొఱకు పుట్టినదో జ్ఞాపకముంచుకొనవలెను. ఎదుటివాని మనసు తెలిసికొని మెలగుట దాని ప్రయోజనము. తన యెదుట నలసి నిలిచినవాని మనసును తెలిసికొనలేని లౌక్యము, ఆ తెలియనితనమును అతని లోపముగా లెక్క వ్రాయు లౌక్యము, తన పేరునకు తానే తగదు. వారు మన భాష నేర్చుకొనుటకు జీవితమంతయు ధారపోయుచున్నారు. మనము వారికై చేయవలసినది దానిలో నెన్నవ పాలు? అనుకొన్నది అన్నట్లుగా చెప్పుట, చెప్పినది చేయుట, తెలియనిచో అడుగుట, అడిగినచో విసుగుకొనక చెప్పుట. ఇవి మనుష్యు లందఱు నొకరికొకరు చేయవలసిన పనులే. వీనిని చేయనందుకు మనము మొన్నటివఱకు వెల చెల్లింపలేదు. మన బదులు వారు చెల్లించుచుండిరి.